అమ్మతో మాంటెరీ అక్వేరియానికి

అమ్మ అమెరికా వచ్చి రెండు నెలలైంది. గోల్డెన్ గేట్ చూపించాం, యోసెమిటీ తీసుకెళ్ళాం, నాలుగు అవుట్‌లెట్ మాల్స్ తిప్పాం, గుళ్ళు సరేసరి. అన్నింటికీ ఒకటే మాట, "బాగుంది". కాకినాడలో ఎదురింటివాళ్ళు గేటుకి కొత్త రంగు వేయించినా అమ్మ ఇదే మాట అంటుంది కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చుకోలేం. అందుకే పోయిన శనివారం మాంటెరీ బే అక్వేరియం ప్లాన్ చేసినప్పుడు నేనూ పెద్దగా ఆశ పెట్టుకోలేదు. బుడ్డోడికి ఆరేళ్ళు, వాడు ఎగురుతాడు, అమ్మ "బాగుంది" అంటుంది, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాం, అంతే అనుకున్నా.

టికెట్ ఎంతని అడిగింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశా, పెద్దవాళ్ళకి తలకి అరవై డాలర్ల పైనే అని. అమ్మ బుర్రలో డాలర్లని రూపాయలు చేసే లెక్క విమానం దిగిన రోజు నుంచీ ఆగలేదు. "ఐదు వేల పైనే! ఊరికే చేపల్ని చూసి రావడానికా? ఆ డబ్బుకి పులస ఇంటికొస్తుందే" అంది. మా ఆయన డ్రైవింగ్ సీట్లో కూర్చుని నవ్వు ఆపుకోలేకపోయాడు.

మేముండే సన్నీవేల్ నుంచి మాంటెరీ గంటన్నర. 101 హైవే మీద గిల్రాయ్ దాటేటప్పుడు అద్దాలు మూసి ఉన్నా వెల్లుల్లి వాసన వచ్చేస్తుంది, "ఎవరో పోపు పెడుతున్నారు" అని అమ్మ చుట్టూ చూసింది. తర్వాత క్యాస్ట్రోవిల్‌లో ఎకరాలకి ఎకరాలు ఆర్టిచోక్ తోటలు. అక్కడి నుంచి సముద్రం పక్కకి రాగానే చలి మొదలైంది. జూన్ నెల చలి. అమ్మ స్వెటర్ తెచ్చుకోలేదు, వేసవిలో సముద్రపొడ్డుకి స్వెటర్ ఎవరైనా తీసుకెళ్తారా అని దబాయించింది, కాకినాడ మనిషికి అది న్యాయమైన ప్రశ్నే. చివరికి నా జాకెట్ తనకిచ్చి రోజంతా నేను వణికాను. మీరు వెళ్తే ఏ నెలలో అయినా సరే ఒక జాకెట్ ఎక్కువే పట్టుకెళ్ళండి. వేసవిలో తీరం వెంబడి వీచే గాలులు పైనున్న నీటిని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి తోసేస్తాయి, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. దాంతో పొగమంచూ, చలీ. ఆ అడుగు నీటిలోనే నాచుకి, ప్లాంక్టన్‌కి (నీటిలో తేలే సూక్ష్మజీవులకి) కావలసిన పోషకాలన్నీ ఉంటాయి కాబట్టి ఇక్కడ చేపలకి లోటు లేదు. మన ఒళ్ళు వణికించే నీళ్ళే వాటి కడుపు నింపుతాయన్నమాట.

అక్వేరియం ఉన్న వీధి పేరే క్యానరీ రో. ఒకప్పుడు వీధంతా సార్డిన్ చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలు. సార్డిన్ అంటే మన కవళ్ళే, ఆ కుటుంబమే. 1940ల తొలి రోజుల్లో ఒక్క సీజన్‌లో రెండు లక్షల టన్నులు దాటిన చేప ఈ ఊళ్ళో దిగేదట. పడవలు ఏ అర్ధరాత్రి వచ్చినా ఫ్యాక్టరీ కూత వేస్తే ఆడవాళ్ళు లేచి పనికి పరిగెత్తేవారు, ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో రకం కూత. పట్టిన చేపలో చాలా భాగం డబ్బాల్లోకి కూడా పోలేదు, పొడిచేసి కోళ్ళ మేతకి, ఎరువుకి పంపేశారు. అమ్మకి ఇది చెబితే వెంటనే "మన రొయ్యల చెరువుల మేత లాగే" అంది. అంతే మరి. పదేళ్ళు గడిచేసరికి చేప మాయం. అడ్డూ అదుపూ లేకుండా పట్టడం ఒకటి, సముద్రంలో వచ్చిన మార్పు ఒకటి. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, అందరికన్నా చివరిదాకా లాగిన హోవ్‌డెన్ క్యానరీ 1973లో మూసేశారు. ఆ స్థలంలోనే 1984 అక్టోబరులో ఈ అక్వేరియం తెరిచారు. పాత బాయిలర్లు ఇప్పటికీ గుమ్మం దగ్గరే ఉన్నాయి. అందరూ వాటిని దాటుకుని చేపల దగ్గరికి పరిగెడతారు, మావాడూ అంతే, అమ్మ మాత్రం అక్కడ నిలబడిపోయి పాత ఫోటోల్లో చేపలు కోస్తున్న ఆడవాళ్ళని చాలాసేపు చూసింది. "చేతులు ఎంత పాసిపోయి ఉంటాయో" అంది. అప్పటికి ఇంకా ఒక్క చేపని కూడా చూడలేదు మేము.

ఈ అక్వేరియానికి డబ్బు పెట్టింది హెచ్‌పీ స్థాపకుల్లో ఒకరైన డేవిడ్ ప్యాకార్డ్, ఆయన భార్య లూసిల్. కూతురు జూలీ ప్యాకార్డ్ తెరిచినప్పటి నుంచి నలభై ఏళ్ళు దాన్ని నడిపింది. పెద్దోళ్ళ డబ్బుతో కట్టిన వాటి మీద నాకు సహజంగా కొంచెం అనుమానం ఎక్కువ, కానీ ఇక్కడ ఆ డబ్బు గోడల మీద పాలరాయిగా కాకుండా పైపుల్లోకి, పంపుల్లోకి వెళ్ళింది. అదే చెప్పబోతున్నా.

ముందు కెల్ప్ అడవి. 28 అడుగుల ఎత్తు ట్యాంకు, మూడంతస్తుల మేడ అనుకోండి, పన్నెండు లక్షల లీటర్ల పైనే నీరు. పైన కప్పు లేదు, ఎండ నేరుగా పడుతుంది. కెల్ప్ అంటే సముద్రపు నాచే కానీ నాచు అనగానే మనకి బావి గోడల మీది జారుడు గుర్తొస్తుంది, ఇది చెట్టంత పొడవు. మంచి పరిస్థితుల్లో రోజుకి అడుగు పైన పెరుగుతుంది. బతికున్న కెల్ప్ అడవిని ఒక అక్వేరియంలో పెంచడం ఇక్కడే మొదలు. ఎండ ఉంటే చాలదు, నీరు కదులుతూ ఉండాలి, లేకపోతే ఆకులకి తిండి అందదు. అందుకని అలల్లాగా నీటిని అటూ ఇటూ తోసే యంత్రం పెట్టారు. దాంతో ట్యాంకు మొత్తం ఊపిరి తీసి వదులుతున్నట్టు ఊగుతుంది, చేపలు కూడా ఆ ఊపుకి ఒకసారి ముందుకి ఒకసారి వెనక్కి వెళ్తుంటాయి. దాని ముందు నేల మీదే కూర్చుండిపోయాం.

చారల్లాంటి మచ్చలతో లెపర్డ్ షార్క్ ఒకటి అద్దం పక్కనుంచి వెళ్ళింది. బుడ్డోడు "షార్క్!" అని అరిచాడు. అమ్మ మెల్లగా "సొర" అంది. తర్వాత నావైపు తిరిగి "నువ్వు బాలింతవి, పాలు పడట్లేదని మీ నాన్న తెల్లారుజామున వెళ్ళి పాలసొర తెచ్చారు, పుట్టు చేసి పెట్టాను, గుర్తుందా?" అని అడిగింది. గుర్తుంది. రోజూ అదే పెట్టేది, వద్దన్నా పెట్టేది. "అమ్మమ్మా, షార్క్‌ని తినేశావా?" అని వీడు నోరు వెళ్ళబెట్టాడు. "నేను కాదురా, మీ అమ్మ తింది. ఆ పాలు తాగింది నువ్వు" అంది అమ్మ. అక్కడితో వాడికి తను సగం షార్క్ అని నమ్మకం కుదిరిపోయింది, సోమవారం స్కూల్లో కూడా చెప్పొచ్చాడు.

అక్కడున్న వాలంటీర్ పెద్దావిడ ఒకామె, డెబ్బై ఏళ్ళుంటాయి, చెప్పిన సంగతి నన్ను పట్టేసింది. ఈ ట్యాంకుల్లో నీళ్ళు ఎదురుగా ఉన్న సముద్రంవే. నిమిషానికి ఏడు వేల లీటర్లకి పైగా తోడతారు. పగలు జనం చూడాలి కాబట్టి వడకట్టి వదులుతారు. రాత్రి తలుపులు మూశాక వడకట్టకుండా పచ్చినీళ్ళు వదిలేస్తారు. ఆ నీళ్ళతో పాటు ప్లాంక్టన్, సముద్రజీవుల కంటికి కనపడనంత చిన్న పిల్లలు, గుడ్లు, నాచు విత్తులు అన్నీ లోపలికి వస్తాయి. కొన్నింటిని ట్యాంకులో ఉన్నవి తింటాయి, కొన్ని రాళ్ళకి అతుక్కుని అక్కడే పెరిగిపోతాయి. అంటే ఆ రాళ్ళ మీద కనిపించే స్పాంజీలు, నత్తలు, రంగురంగుల గడ్డల్లాంటివి చాలావరకు ఎవరూ తెచ్చి పెట్టినవి కావు, వాటంతట అవి వచ్చి కాపురం పెట్టినవి. నేను దుబాయ్‌లోనూ, చెన్నైలోనూ అక్వేరియాలు చూశాను. సొరంగంలో నడవడం, నెత్తి మీద నుంచి టేకు చేప వెళ్ళడం, సెల్ఫీ, బయటికి. వాటిని తక్కువ చేయడం లేదు, కానీ అక్కడ చేపల్ని తెచ్చి చూపించారు. ఇక్కడ సముద్రానికే పక్కగోడలో కిటికీ పెట్టినట్టుంది.

అమ్మకి ఇది నేను తెలుగులో చెప్పగానే "మన మున్సిపాలిటీ పంపు లాగా, రాత్రిపూట వదులుతారన్నమాట" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

పెంగ్విన్ల దగ్గర ఐదు నిమిషాలు. ఆఫ్రికా జాతివి, ముద్దుగానే ఉన్నాయి, జనం చాలా ఎక్కువ, వాసన ఇంకా ఎక్కువ. టచ్ పూల్‌లో బుడ్డోడు బ్యాట్ రే (ఇదీ టేకు చేపే) వీపుని రెండు వేళ్ళతో తాకి "తడి పుట్టగొడుగు లాగుంది" అన్నాడు, మోచేతి దాకా తడుపుకున్నాడు, ఒక షూ కూడా తడుపుకున్నాడు, అది ఎలాగో ఇప్పటికీ అర్థం కాలేదు. అమ్మని కూడా ముట్టుకోమంటే చేయి వెనక్కి లాగేసుకుంది. "టేకు తోకకి ముల్లుంటుందే, తగిలితే మూడు రోజులు జ్వరం" అని మావాడి చేయి కూడా లాగేసింది. ఎంత చెప్పినా వినలేదు, అక్కడ వందమంది పిల్లలు తాకుతున్నా సరే.

మధ్యాహ్నం కారులోకి వచ్చి పులిహోర తిన్నాం. లోపల తిండి ఖరీదు గురించి రాయను, బీపీ వస్తుంది.

ఓటర్ల (నీటికుక్కల) సంగతికి వద్దాం. రెండంతస్తుల ట్యాంకులో సముద్రపు ఓటర్లు, తిండి పెట్టే సమయానికి వెళ్తే నిలబడడానికి చోటు ఉండదు. తిమింగలాలకి, సీల్స్‌కి ఉన్నట్టు వీటికి చర్మం కింద కొవ్వు పొర ఉండదు. ఇంత చల్లటి నీళ్ళలో బతకాలంటే బొచ్చే ఆధారం, చదరపు అంగుళానికి పది లక్షల వెంట్రుకల దాకా ఉంటాయి. మన తల మొత్తం మీద ఉండేవి లక్ష. పొద్దస్తమానం ఒళ్ళు రుద్దుకుంటూ కనిపిస్తాయి, అది సోకు కాదు, బొచ్చులో గాలి నిలవకపోతే చలికి చచ్చిపోతాయి. వేడి పుట్టడానికి రోజుకి తన బరువులో పాతిక శాతం తినాలి. ఇరవై కిలోల ఓటర్‌కి ఐదు కిలోల పీతలు, రొయ్యలు. "ఐదు కిలోలా! అల్లుడుగారూ, ఇక్కడ పీతలు కిలో ఎంత?" అని అమ్మ లెక్క మళ్ళీ మొదలెట్టింది. "అడక్కండి అత్తయ్యగారూ" అన్నాడు ఆయన.

ఆ బొచ్చే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. వేటగాళ్ళు ఎంతగా చంపేశారంటే కాలిఫోర్నియా తీరంలో ఇక లేవనే అనుకున్నారు. బిగ్ సర్ దగ్గర ఏ యాభయ్యో మిగిలిన ఒక గుంపు ఉందని 1938లో లోకానికి తెలిసింది. ఇప్పుడున్న దాదాపు మూడు వేలూ వాటి సంతానమే. ఇవి సీ అర్చిన్లని తింటాయి, ఆ ముళ్ళబంతులేమో కెల్ప్‌ని మొదలంటా తినేస్తాయి. ఓటర్ లేకపోతే అడవి లేదు.

ఇక్కడ చూపించే ఓటర్లన్నీ ఒడ్డుకి కొట్టుకొచ్చి దొరికినవి, తిరిగి సముద్రంలో బతకలేవని తేలినవి. వాటి పని మనకి కనబడడం ఒక్కటే కాదు. తల్లి దూరమైన పసిపిల్లలు దొరికినప్పుడు వాటిని ఈ పెద్దవాటి దగ్గర వదులుతారు. అవి సొంత పిల్లల్లా దగ్గరికి తీసుకుని రాయితో చిప్ప పగలగొట్టడం, పీతని పట్టడం నేర్పుతాయి. దానికి ముందు ఆ పిల్లలకి సీసాతో పాలు పట్టే మనుషులు నల్లటి ముసుగు బట్టలు, మొహానికి వెల్డింగ్ చేసేవాళ్ళ మాస్కు వేసుకుంటారు. మనిషి మొహం అలవాటు అవ్వకూడదని. మనుషులకి మచ్చికైతే రేపు సముద్రంలో పడవ ఎక్కేసి తిండి అడుగుతుంది, అక్కడితో దాని స్వేచ్ఛ అయిపోయినట్టే. అమ్మ ఈ మాస్కు సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. పెంచినవాళ్ళ మొహం తెలియకుండా పెంచడం అనే మాట దగ్గర ఆగిపోయింది. ఏదో అంటుందనుకున్నా, ఏమీ అనలేదు, జాకెట్ జిప్ పైదాకా లాక్కుంది.

ఓటర్ అంటే ఏంటని అడిగితే నీటికుక్క అని చెప్పాను. "మన కోరంగిలో ఉంటాయి కదా" అంది. నిజమే! కోరంగి మడ అడవుల్లో ఉండేవి వేరే జాతి, నదుల్లో, మడ కాలవల్లో తిరిగేవి, కానీ నీటికుక్కలే. కాకినాడలో పుట్టి పెరిగిన నేను కోరంగి వెళ్ళింది ఒక్కసారి, కాలేజీ పిక్నిక్‌కి, చూసింది చిప్స్ ప్యాకెట్లు.

జెల్లీఫిష్ గదులు చీకటిగా, నీలం వెలుగులో. అందం గురించి ఫోటోలే చెప్తాయి, నేను గమనించింది ట్యాంకుల ఆకారం. మూలలు లేవు, నీరు గుండ్రంగా తిరుగుతుంది, మూల ఉంటే ఇవి అక్కడ ఇరుక్కుని చిరిగిపోతాయి, ఒళ్ళంతా నూటికి తొంభై అయిదు వంతులు నీళ్ళే మరి. "అమ్మమ్మా, దీనికి బుర్ర లేదు, గుండె లేదు" అని వీడు చదివి చెబితే, "హాయిగా ఉంది దాని పని" అంది అమ్మ.

దాని తర్వాత లోతు సముద్రం విభాగం, 2022లో తెరిచారు. మాంటెరీ అఖాతంలో ఒడ్డు పక్కనే మొదలై మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి దిగిపోయే లోయ ఉంది. ఆ చీకట్లో బతికేవి కొన్ని ఇక్కడ చూడొచ్చు. ఎర్రటి పొట్ట ఉన్న కోంబ్ జెల్లీ ముందు నేను ఇరుక్కుపోయాను. ఒంటి మీద ఇంద్రధనుస్సు రంగులు పరిగెడుతుంటే అది వెలుగుతోంది అనుకుంటాం, కాదు, సన్నటి వెంట్రుకల్లాంటివి కదులుతుంటే మీద పడ్డ లైటు విరిగి అలా కనబడుతుంది. మరి ఆ ఎరుపు ఎందుకంటే, అంత లోతుకి ఎర్రటి వెలుగు చేరదు, కాబట్టి అక్కడ ఎరుపు అంటే నలుపే. అది మింగిన జీవి పొట్టలో మెరుస్తూ ఉంటే బయటికి కనపడకుండా ఆ ఎర్ర పొట్ట తెరలా కప్పేస్తుంది. తిన్నది పక్కింటివాళ్ళకి తెలియకూడదని తలుపులు వేసుకుని తినే మా వీధివాళ్ళు గుర్తొచ్చారు.

చివరికి ఓపెన్ సీ. నలభై లక్షల లీటర్ల పైమాటే, అద్దం సినిమా హాలు తెరంత ఉంటుంది, ఎదురుగా మసక నీలం తప్ప వెనక గోడ ఉన్నట్టే తెలియదు. 2004లో ఇదే ట్యాంకులో చిన్న తెల్ల సొరని (గ్రేట్ వైట్ షార్క్‌ని) 198 రోజులు ఉంచి మళ్ళీ సముద్రంలో వదిలేశారు, అన్ని రోజులు దాన్ని బతికించి చూపించింది ఇక్కడే. 2011 దాకా ఇంకో అయిదింటిని ఉంచి, తర్వాత మానేశారు. ఇప్పుడు లేదు కాబట్టి దానికోసం వెళ్ళకండి.

మేము వెళ్ళేసరికి ట్యూనాలు తిరుగుతున్నాయి, వాటిని చూసి కవళ్ళ గుంపు ఒక్కసారిగా ముడుచుకుని బంతిలా అయింది, మళ్ళీ విప్పుకుంది, పట్టుచీర దులిపినట్టు. వేలల్లో ఉన్నాయి. అమ్మ లేచి అద్దం దాకా వెళ్ళిపోయింది. "కవళ్ళేనే! బతికున్నవి ఇలా తిరుగుతాయా?" అంది. యాభై ఏళ్ళుగా వాటిని కొంటోంది, తోముతోంది, పులుసు పెడుతోంది, కళ్ళు ఎర్రబడ్డాయో లేదో చూసి తాజాదనం చెప్పేస్తుంది, కానీ ఈత కొడుతుంటే చూడడం అదే మొదటిసారి. తను పక్కన కూర్చున్న ఒక మెక్సికన్ అమ్మమ్మకి చేత్తో ఏదో చూపించి చెప్పింది, ఆవిడ కూడా చేత్తోనే ఏదో చెప్పింది, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడారని అడిగితే "ముళ్ళు తీసే విధానం" అంది.

పచ్చ సముద్ర తాబేలు ఒకటి నింపాదిగా వచ్చింది. నేను చిన్నప్పుడు ఉప్పాడ ఒడ్డున తాబేళ్ళని చాలా చూశాను, అన్నీ అలలకి కొట్టుకొచ్చిన చచ్చిన ఆలివ్ రిడ్లేలే, గుడ్లు పెట్టడానికి వచ్చే దారిలో వలల్లో పడి ఊపిరాడక పోయినవి. వాటి వాసన గుర్తుంది, నడక గుర్తు లేదు. ఇది ముందరి కాళ్ళని రెక్కల్లా ఊపుతూ అలా పైకి వెళ్ళిపోతుంటే నేను కూడా అమ్మ పక్కకి వెళ్ళి నిలబడ్డా.

మూసే టైమ్ అయిందని మైకులో చెప్పేదాకా అక్కడే ఉన్నాం. అసలు ఆక్టోపస్‌ని చూడనేలేదు, పై అంతస్తులో సగం వదిలేశాం. నాకు బాధ లేదు. అన్నీ చూడాలని పరిగెత్తే వాళ్ళు ఎదురయ్యారు, స్ట్రోలర్‌తో మా కాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళారు పాపం.

తిరుగుదారిలో మాస్ లాండింగ్ దగ్గర ఆగాం, అది మా ఆయన ఐడియా. హార్బర్ పక్కన ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పునీటి కాలవ ఉంది, అక్కడ ఓటర్లు బయటే ఉంటాయి, టికెట్ లేదు. అక్వేరియంలో పెంపుడు తల్లుల దగ్గర పెరిగి వదిలిన పిల్లలు, వాటి సంతానం కలిసి పదిహేనేళ్ళలో ఇక్కడి ఓటర్ల పెరుగుదలలో సగానికి పైగా అవే అని అక్కడి పరిశోధకులు తేల్చారు. పొద్దు వాలుతోంది, గాలి కోస్తోంది. పది పన్నెండు ఓటర్లు వెల్లకిలా తేలుతున్నాయి. ఒకటి మాత్రం ఒడ్డుకి దగ్గరగా పొట్ట మీద రాయి పెట్టుకుని చిప్పని దానికేసి కొడుతోంది, టక్ టక్ టక్ మని మాకు వినపడుతోంది. బుడ్డోడు కారులో నిద్రపోయాడు.

అమ్మ రెయిలింగ్ పట్టుకుని చూస్తూ, "వచ్చే సంక్రాంతికి నువ్వు వస్తే కోరంగి పోదాం, పొద్దున్నే పడవ మాట్లాడుకుని. చిప్స్ తేకూడదు" అంది.